జీపు ఆపింది ఎవరు

హైదరాబాదు, మలక్‌పేట
12 జూన్ 1989

సంతోషమ్మకు,

కవరు మీద రాత చూసి ఎవరిదో గుర్తుపట్టే ఉంటావు. గుర్తుపట్టి కూడా చించి పారేయకుండా తెరిచావంటే నీ మంచితనం. బడిలో ఉన్నప్పుడు నా రాత కోడి గీకినట్టుందని నవ్వేదానివి. ఇప్పటికీ అలాగే ఉంది.

సూటిగా విషయానికి వస్తాను. మా అన్న చంద్రప్పను, ఆయన జీపు నడిపిన నీ భర్త కాలేబును మనూరు దారిలో చంపి వచ్చే చలికాలానికి పన్నెండేండ్లు నిండుతాయి. అప్పట్లో అన్నతో కలిసి రైతు సభలకు తిరిగిన ఈరయ్య సారు గుర్తున్నాడా? నల్లగొండ మనిషి, ఖద్దరు సంచీ వేసుకుని వచ్చేవాడు. ఆయన అన్న మీద పెద్ద పుస్తకం రాశాడు. పన్నెండేండ్ల సందర్భంగా అచ్చు వేస్తాడట. అచ్చుకు పోయేముందు ఒకసారి చూడమని నాకు పంపాడు. అందులో కాలేబు వయసు, ఊరు, ఎన్నేండ్ల నుంచి మా జీపు నడిపాడు అన్నచోట ఖాళీలు ఉన్నాయి. ఆ వివరాలు నువ్వు రాసి పంపితే చాలు. ఆ అధ్యాయం జిరాక్సు తీయించి దీనితో పెడుతున్నాను.

అన్న హత్య మీద వచ్చిన రాతలన్నీ నా దగ్గర ఉన్నాయి. వారపత్రికలో వచ్చిన సీరియల్, పదో వర్ధంతికి వేసిన సంచిక, కేసు చూసిన పోలీసు అధికారి రిటైరయ్యాక రాసుకున్న పుస్తకం. మధ్యాహ్నం భోజనమయ్యాక అవ్వ మంచం పక్కన కూర్చుని చదువుతాను. అవ్వకు అక్షరాలు రావు, కళ్ళు కూడా మసకబారాయి. రామాయణం వినే వయసులో కొడుకు చావు వింటోంది. మొదట్లో చదువుతూ మధ్యలోనే పుస్తకం మూసేసేదాన్ని. ఇప్పుడు కరెంటు బిల్లు చదివినట్టు చదువుతాను. కత్తి ఎక్కడ దిగిందో చదివి, పేజీ తిప్పి, అవ్వకు బీపీ మాత్ర ఇస్తాను.

ఒక్కచోట మాత్రం అవ్వ ఆపమంటుంది. “మనూరు ఇంకా కొద్దిదూరం ఉందనగా, జనసంచారం లేని చోట, డ్రైవరు జీపు ఆపాడు” అన్న వాక్యం దగ్గర. “మల్ల సదువు” అంటుంది. చదువుతాను. “ఆ కాలేబుగాడు” అంటుంది. తర్వాత నిద్రపోతుంది.

ఇది నీకు రాయకూడని మాట. రాయకపోతే నీకు తెలియదనా? వీలు చూసుకుని జవాబు రాయి.

నీలమ్మ

—

నారాయణఖేడ్
3 జులై 1989

నీలమ్మగారికి,

ఉత్తరం, జిరాక్సు కాగితాలు అందాయి. అడిగిన వివరాలు: కాలేబు చనిపోయేనాటికి ముప్పై నాలుగేండ్లు. ఊరు సిర్గాపూర్. మీ జీపు కొన్ననాటి నుంచీ అతనే నడిపాడు. అంతకుముందు మీ ట్రాక్టరు, దానికి ముందు మీ ఎడ్లబండి.

అధ్యాయం చదివాను. ఈరయ్య సారు బాగా కష్టపడ్డాడు. చంద్రప్ప పటేల్ చొక్కా తెల్లదా, లేత పసుపుదా అని రెండు పేజీలు రాశాడు. వారపత్రికవాళ్ళు తెల్లదన్నారు, పోలీసాయన పసుపన్నాడు, ఇద్దరికీ నచ్చజెప్పి దుమ్ము పట్టిన తెల్ల చొక్కా అని తేల్చాడు. మంచిదే. చెప్పులు ఎక్కడ పడ్డాయి, కళ్ళద్దాలు ఏ వైపు పడ్డాయి, అన్నీ ఉన్నాయి. కాలేబు ఒంటి మీద ఏముందో ఎవరూ రాయలేదు. నేను అల్లిన ఆకుపచ్చ స్వెట్టరు ఉంది. మిషన్ బడిలో మనకు అల్లిక నేర్పిన టీచరమ్మ ఇచ్చిన ఊలుతో అల్లడం మొదలుపెట్టి, పెండ్లయ్యాక పూర్తి చేశాను.

వారపత్రిక సీరియల్ వచ్చే రోజుల్లో బస్టాండు దగ్గర బడ్డీకొట్టులో అది వేలాడదీసి ఉండేది. నేను పనిచేసే బాలవాడి నుంచి ఇంటికి వస్తూ అక్కడే నిలబడి చదివేదాన్ని. కొట్టతను “కొంటవా అమ్మా” అని అడగలేదు. నేనెవరో అతనికి తెలుసు. పోలీసాయన పుస్తకం మా గ్రేసమ్మ సంగారెడ్డి కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చింది. మూడు రోజులు ఇంట్లో ఉంచుకుని చదివి తిరిగిచ్చాము. గ్రేసమ్మకు తండ్రి చనిపోయేనాటికి ఆరేండ్లు. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. చదువుతున్నంతసేపూ నన్ను ఒక్క మాట అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇద్దరం పప్పు చారు వండుకుని తిన్నాం.

మీ అధ్యాయంలో ఇలా ఉంది: “కాలేబు జీపు ఎందుకు ఆపాడన్నది నేటికీ అంతుపట్టని విషయం. హంతకులతో అతనికి ముందే ఒప్పందం ఉందన్న అనుమానాన్ని కొట్టిపారేయలేము.” అంతుపట్టకపోతే అడగాలి కదా. సారు మనూరు పోయాడు, బీదర్ పోయాడు, జైలుకు పోయి చంపినవాళ్ళతో కూడా మాట్లాడాడట. నేను నారాయణఖేడ్‌లోనే ఉన్నాను. ఇల్లు మారలేదు.

సంతోషమ్మ

—

హైదరాబాదు
9 ఆగస్టు 1989

సంతోషమ్మకు,

“మీరు” అంటూ రాశావు. చెంపదెబ్బ కొట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. అల్లిక పిరియడ్‌లో నీ జొన్నరొట్టె నేను, నా గోధుమ పూరీ నువ్వు తిన్నామని, అది మా అవ్వకు తెలిసి నన్ను పెరట్లో నిలబెట్టి తలస్నానం చేయించిందని మర్చిపోయావా?

సరే, అడుగుతున్నాను. సారు తరఫున కాదు, నా తరఫున. కాలేబు జీపు ఎందుకు ఆపాడు? అన్ని రాతల్లోనూ ఆ చోట దారి ఖాళీగా ఉందనే ఉంది. పక్కన జొన్నచేలు తప్ప ఇల్లు లేదు, వాకిలి లేదు. గట్టు మీద నలుగురు మనుషులు తలకు రుమాళ్ళు చుట్టుకుని నిలబడ్డారు. చేతులెత్తారు. జీపు ఆగింది. అన్న దిగాడు. అంతే కదా ఉన్నది.

నీకు తెలిసినదేదైనా ఉంటే రాయి. సారు దసరా అయ్యాక ప్రెస్‌కు ఇస్తానంటున్నాడు. ఒకసారి పుస్తకంలో పడ్డదంటే ఇంక అదే ఉండిపోతుంది. వారపత్రిక చిత్తుకాగితాల్లోకి పోయింది. పోలీసాయన పుస్తకం ఎవరు కొన్నారో తెలియదు. ఇది అలా కాదు, లైబ్రరీలన్నిటికీ పంపిస్తారట.

నేను చదువుతూనే ఉన్నాను. నిన్న అన్న ఆఖరి మాటల దగ్గర చదువుతూ చదువుతూ మధ్యలో లేచి పాలు పొంగుతున్నాయేమోనని చూసి వచ్చి, వదిలిన అక్షరం నుంచి మళ్ళీ అందుకున్నాను. నాకే నేను వింతగా అనిపించాను. ఇంత చదివి ఏడుపు రాని ఆడదాన్ని ఏమనాలి?

నీలమ్మ

—

నారాయణఖేడ్
17 సెప్టెంబరు 1989

నీలా,

ఏమీ అనక్కరలేదు. నాకూ రాదు.

అడిగావు కాబట్టి నేనొకటి అడుగుతాను. ఆ రోజు ఏ రోజు? నాలుగు రాతల్లోనూ తారీఖు ఉంది. సోమవారమని ఉంది. మీ అన్న నిలబడబోయే ఎన్నికలు ఇంకా నెలన్నర ఉన్నాయని ఉంది. ఎల్లమాస అని ఒక్కరూ రాయలేదు.

హైదరాబాదులో ఆ పండుగ లేదు. ఈరయ్య సారు వైపూ లేదు. ఆ పోలీసాయనది కోస్తా. వాళ్ళకు తెలియకపోవడంలో తప్పు లేదు. నీకేమైంది? బీదర్ సరిహద్దు ఊళ్ళల్లో పుట్టి పెరిగిన నువ్వు కూడా “దారి ఖాళీ” అని రాస్తావేం? ఎల్లమాస నాడు దారి ఖాళీగానే ఉంటుంది నీలా. ఊరు ఊరంతా చేలల్లో ఉంటుంది. మీ ఇంట్లో ముందురోజే పెద్ద గంగాళంలో బజ్జీ వండేవారు. చిక్కుడు, పచ్చి శనగ, పాలకూర, దొరికిన కూర ప్రతిదీ వేసి. సజ్జరొట్టెలు గంపకు ఎత్తేవారు. చేనులో ఐదు రాళ్ళు పెట్టి, పైన జొన్నదంట్లు గుడిసెలా కట్టి, అంబలి చల్లి, తర్వాత గట్టు మీద నిలబడి దారిన పోయే ప్రతి మనిషినీ తినిపొమ్మని పిలిచేవారు. మా ఇండ్లల్లో ఆ రాళ్ళకు మొక్కరు. పిలిస్తే మాత్రం పోయి తింటాం. పిలిచాక తినకుండా పోతే ఆ చేను పండదంటారు. ఎంత పగవాడైనా ఆ రోజు ఆగుతాడు.

చంపినవాళ్ళకు అది తెలుసు. ఈ నేల మీదివాళ్ళే కదా. గంపలో రొట్టెల కింద కత్తులున్నాయని పోలీసాయన రాశాడు. కత్తుల పొడవు కూడా రాశాడు. పైన రొట్టెలు ఎందుకున్నాయని ఆయనకు అనుమానం రాలేదు.

కాలేబు ఆ రోజంతా బతికే ఉన్నాడు. బీదర్ దవాఖానలో తెల్లారేదాకా ఉన్నాడు. తెలివి వచ్చినప్పుడు నాతో మాట్లాడాడు. నేను మర్చిపోయినవి చాలా ఉన్నాయి గానీ అవి మర్చిపోలేదు. “నేనొద్దన్న. సభకు లేటయితది పటేలా, వాపసు వచ్చేటప్పుడు తిందాం అన్న. పటేల్ ఇనలే. ఆపు కాలేబూ, ఎల్లమాస నాడు పిలుస్తుంటే ఉరుకుతమా అన్నడు. నేనాపిన.” అదే చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. రెండోసారి “పటేల్ ఎట్లున్నడు” అని అడిగాడు. బాగున్నాడని చెప్పాను.

ఎందుకు బయటపెట్టలేదని అడుగుతావు. శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు మీ అవ్వ మా వాకిట్లోకి వచ్చింది. ఎప్పుడూ మా వాడకట్టులో కాలు పెట్టని మనిషి. అంతమంది ముందర “నా కొడుకును అమ్ముకున్నడు వీడు” అన్నది. చెప్పాలని నోరు తెరిచాను. ఆమె నిలబడలేక మా గుంజను పట్టుకుంది. ఆ చెయ్యి చూశాను. “ఆపమన్నది నీ కొడుకే” అన్న మాట నా నోట్లోంచి రాలేదు. ఇది నా గొప్పతనమని అనుకోకు. ఆమె మీద జాలి కూడా కాదు. నాలో ఏమీ లేదు, అంతే. తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత నన్ను ఎవరూ అడగలేదు. అడగని మాట ఇంటింటికీ తిరిగి ఎలా చెప్పను? చెప్పినా చచ్చిన మొగుణ్ణి పెండ్లాం వెనకేసుకొస్తోందనేవాళ్ళు.

ఇప్పుడు అడిగావు, చెప్పాను. అచ్చుకు పోకముందు సారుతో దిద్దించు. నాకు వేరే ఏమీ వద్దు. ఆ ఒక్క వాక్యం మార్చమను.

సంతోషమ్మ

—

హైదరాబాదు
22 అక్టోబరు 1989

సంతోషా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఇన్ని రోజులూ జవాబు మొదలుపెట్టడం, చించేయడం.

నాకు తెలుసు. కాలేబు నీతో చెప్పిన మాటలు తెలియవు గానీ, ఆపమన్నది అన్నేనని తెలుసు. ఎందుకంటే ఆ పొద్దున్న జీపు కదిలేముందు అవ్వ వాకిట్లోకి వచ్చి చెప్పిన మాట నేను విన్నాను. “బిడ్డా, ఇయ్యాల ఎవలు పిలిచినా దిగు. ఒక్క బుక్కన్న తిను. ఓట్లడగబోయేటోడు ఎల్లమాస నాడు సూడనట్టు పోతే జనం మంచిగనుకోరు.” అన్న నవ్వి, “ఇగ నా కడుపు పగులుతది అవ్వా” అన్నాడు. కాలేబు కూడా నవ్వాడు. ఆకుపచ్చ స్వెట్టరు నాకు గుర్తుంది. జీపు అద్దం తుడుస్తున్నాడు.

సాయంత్రం కబురు వచ్చింది. మర్నాడు అవ్వ మీ వాకిట్లోకి వచ్చింది. ఆ రోజు నుంచీ అవ్వ తన మాట తాను మర్చిపోయిందో, మర్చిపోయినట్టు ఉంటోందో నాకు తెలియదు. ఒక్కసారి కూడా అనలేదు. నేనూ గుర్తుచేయలేదు. మధ్యాహ్నం మధ్యాహ్నం నేను చదవడం, ఆ వాక్యం దగ్గర ఆమె “కాలేబుగాడు” అనడం, పడుకోవడం. ఆ పేరు అనకపోతే ఆమెకు నిద్ర పట్టదు. ఒకసారి వంట హడావిడిలో ఆ పేజీ దాటవేశాను. సాయంత్రందాకా పక్క మీద దొర్లుతూనే ఉంది.

ఆమెకు ఎనభై దాటాయి. కాలేబును ఆమె చేతిలోంచి లాక్కుంటే ఇంక మిగిలేది ఆమె మాటే. “ఎవలు పిలిచినా దిగు బిడ్డా.” దాన్ని పట్టుకుని ఆమె ఎలా బతకాలి?

ఈరయ్య సారుకు నేను చెప్పలేదు. పుస్తకం ఆపమని మాత్రం చెప్పాను, ఎన్నికల గొడవ అయ్యాక వేద్దామన్నాను. సరేనన్నాడు. సంతోషా, నిన్ను ఒకటి అడుగుతాను, అడగడానికి నాకు మొహం లేదు. అవ్వ ఉన్నన్నాళ్ళు ఆ వాక్యాన్ని అలాగే ఉండనివ్వు. ఆమె పోయిన మర్నాడు నేనే సారును కూర్చోబెట్టి అంతా చెప్పి రెండో ముద్రణలో దిద్దిస్తాను. అన్న మీద ఒట్టు.

నీలా

—

నారాయణఖేడ్
30 నవంబరు 1989

నీలా,

ఓట్ల గోల అయిపోయింది. బాలవాడి గోడ మీద అందరి గుర్తులూ రాసిపోయారు, సున్నం ఎవరూ వేయరు. పిల్లలు వాటినే చూసి బొమ్మలు నేర్చుకుంటున్నారు.

నీ ఉత్తరం చదివాను. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. అన్నం వండాను, గ్రేసమ్మ స్నానానికి నీళ్ళు కాచాను, మళ్ళీ చదివాను. అప్పుడూ రాలేదు. ఇంతకాలానికి నాకు కోపం ఉండవలసిన చోట గట్టిగా కాయ కాచినట్టుంది. చెప్పు లేకుండా నడిచే కాలికి కాచినట్టు.

మీ అవ్వ మాట సంగతి ఇప్పుడే తెలిసింది. నేను ఆమె స్థానంలో ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. ఒకటి మాత్రం చెబుతాను. మీ ఇంట్లో ఆమెకు నిద్ర పట్టడానికి కాలేబు పేరు కావాలి. మా ఇంట్లో గ్రేసమ్మ పోయిన ఆదివారం నీ జిరాక్సు కాగితాలు నా పెట్టెలో చూసింది. మొత్తం చదివి, మడతపెట్టి యథాస్థానంలో పెట్టి, రొట్టెలు చేస్తున్న నా ముందుకొచ్చి నిలబడింది. “నాయన పైసలకు ఆపిండా, భయానికి ఆపిండా? ఏదో ఒకటి చెప్పమ్మా. ఏదైనా సరే” అన్నది. మూడోది ఒకటి ఉంటుందని దానికి ఇన్నేండ్లలో తోచలేదు. నేను చెప్పాను. అది విన్నది. “గీ మాట నువ్వంటున్నవు. రాసినోళ్ళంత గట్లంటున్నరు” అన్నది. లేచిపోయింది. నీలా, నా బిడ్డ నా మాట నమ్మలేదు. అచ్చులో ఉన్నదే నమ్మింది.

కాబట్టి ఆగమంటే నేను ఆగలేను. అలాగని సారుకు ఉత్తరం రాసి నీ ముసలితల్లి మీద వేయను. ఇంకో పని చేస్తాను.

మీరు ఏటా ఎల్లమాస నాడు కారులో మీ అన్న సమాధికి పోతారు. మనూరు దారిలో చింతచెట్టు దాటాక ఎడమవైపు ఎకరం చేను నాది. మీ అన్న మా అందరికీ పట్టాలు ఇప్పించినప్పుడు వచ్చింది. ఏటా మీ కారు నా గట్టు ముందర నుంచే పోతుంది. అద్దాలు పైకి ఉంటాయి. ఏటా నేను వంగి కలుపు తీస్తున్నట్టు ఉంటాను. ఈసారి జొన్న బాగా వచ్చింది. నేను, గ్రేసమ్మ రొట్టె, బజ్జీ పట్టుకుని గట్టు మీద నిలబడతాం. మీ కారు వస్తే పిలుస్తాను. అందరినీ పిలిచినట్టే పిలుస్తాను. మీరు ఆగినా నేను కాలేబు గురించి ఒక్క మాట ఎత్తను, ఒట్టు పెట్టను గానీ నా మాట నమ్ము. ఆగకుండా పోతే ఇంక నీకు ఉత్తరం రాయను. సారు ఆ వాక్యం ఎలా ఉంటే అలాగే వేసుకోవచ్చు.

నీకు ముందే చెబుతున్నాను. అవ్వకు చెబుతావో లేదో నీ ఇష్టం.

సంతోషమ్మ

—

హైదరాబాదు
4 జనవరి 1990

సంతోషా,

అవ్వకు చెప్పలేదు. చెప్పాలని బయలుదేరేదాకా అనుకున్నాను. సంగారెడ్డి దాటాక కూడా అనుకున్నాను.

గట్టు మీద జరిగింది నీకు తెలుసు. కారులో జరిగింది నీకు తెలియదు. అది రాయడానికే కూర్చున్నాను.

చింతచెట్టు దూరం నుంచే కనబడింది. మా డ్రైవరు కొత్తవాడు, పాతబస్తీ పిల్లవాడు, అతనికి మన పండుగ తెలియదు. నీ ఎరుపంచు చీర కనబడింది, పక్కన గ్రేసమ్మ. నువ్వు చెయ్యెత్తావు. నేను ఒళ్ళో చేతులు పెట్టుకుని చేతులకేసే చూస్తున్నాను. ఆపమని నేను అనలేదు సంతోషా. అనలేకపోయాను. అద్దంలోంచి నీ కేక సన్నగా వినిపించింది, “తినిపోండ్రి” అని. డ్రైవరు దాటేశాడు. నిన్ను వెనక్కి వదిలేసి వచ్చేశాం. అయిపోయిందనుకున్నాను.

అప్పుడు అవ్వ ముందు సీటును చేత్తో తట్టింది. “ఆపు. పిలుస్తుండ్రు గద. ఎల్లమాస నాడు పిలుస్తుంటే ఉరుకుతరా?” అన్నది.

ఆ మాట ఎవరిదో నీకు చెప్పనక్కరలేదు. నువ్వు రాసిన ఉత్తరంలో చదివిందే. అన్న నోట్లోకి ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. డ్రైవరు వెనక్కి తెచ్చాడు.

తర్వాతిది నువ్వూ చూశావు. కళ్ళు కనబడక గట్టు మీద నా చెయ్యి పట్టుకుని వచ్చింది, నీ చేతిలోంచి రొట్టె తీసుకుంది. మీ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగని మనిషి. ఒక బుక్క పెట్టుకుని, “బజ్జి మంచిగైంది బిడ్డా. ఎవలి చేనిది?” అని అడిగింది. నువ్వు ఇచ్చిన మాట నిలబెట్టుకుంటావనుకున్నాను. నువ్వు చెప్పలేదు కూడా. గ్రేసమ్మ చెప్పింది, “కాలేబు చేను” అని. అవ్వ చేతిలో ఇంకా సగం రొట్టె ఉంది. పారేస్తుందనుకున్నాను. నోట్లో ఉన్నది నమలడం ఆపి అలాగే నిలబడింది. తర్వాత మెల్లగా నమిలింది. ఆ సగమూ తిన్నది. గ్రేసమ్మ పోసిన నీళ్ళు తాగింది. చెయ్యి కడుక్కుంది.

కారు సమాధి దగ్గరికి వస్తోందనగా, “నీలా, ఇందాక బండి ఆపింది ఎవలు?” అన్నది.

“డ్రైవరు ఆపిండవ్వా” అన్నాను.

“కాదు. నేనాపుమన్న” అన్నది.

సమాధి దగ్గర కొబ్బరికాయ కొట్టలేదు. చెయ్యి దానిమీద పెట్టి కూర్చుంది. తిరిగి వచ్చేటప్పుడు నీ చేను దగ్గర అద్దం దించమంది. మీరిద్దరూ అప్పటికే వెళ్ళిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం అలవాటు కొద్దీ పుస్తకం తీశాను. ఆ వాక్యం దాకా విన్నది. “గది తప్పు” అన్నది. “ఆ సారును పిలిపియ్యి. ఆపుమన్నది నా కొడుకే అని రాయుమను. దిగుమని పంపింది నేనే అని గూడ రాయుమను. ఆ కాలేబు...” అని ఆగింది. గాడు అన్న మాట రాలేదు. మంచం కోడు పట్టుకుని ఏడ్చింది. పన్నెండేండ్లలో ఆమె ఏడవడం అదే మొదలు. నాకు ఇప్పటికీ రాలేదు. నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను, కుక్కరు ఎన్ని కూతలు వేసిందా అని ఆలోచిస్తున్నాను. నాకు ఎప్పుడు వస్తుందో తెలియదు.

ఈరయ్య సారు వచ్చాడు. అవ్వ తన నోటితోనే చెప్పింది, ఏదీ దాచకుండా. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆ అధ్యాయం మళ్ళీ రాస్తానన్నాడు. నీ దగ్గరికీ వస్తాడు. ఇంట్లోనే ఉండు.

నీలా

—

నారాయణఖేడ్
12 మార్చి 1990

నీలా,

సారు వచ్చి మా వాకిట్లో ఒక పూటంతా కూర్చున్నాడు. అన్నీ అడిగాడు. ఆలస్యంగానైనా అడిగాడు. చాయ తాగాడు, రెండోసారి కూడా పోయించుకున్నాడు.

పుస్తకం పోస్టులో వచ్చింది. అట్ట మీద మీ అన్న బొమ్మ బాగుంది, ముక్కు కొంచెం పొడుగైంది. వారం రోజులు దాన్ని అల్మారాలో పెట్టాను, తెరవలేదు. నిన్న ఆదివారం గుడి నుంచి వచ్చాక గ్రేసమ్మ తీసింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి తాను నిలబడి చదివింది. చొక్కా రంగు మీద రెండు పేజీలు అలాగే ఉన్నాయి, సారు వాటిని వదులుకోలేదు. దానికి నవ్వొచ్చింది, నేనూ నవ్వాను.

తర్వాత ఆ చోటు వచ్చింది. “ఆ రోజు ఎల్లమాస. పిలిచినవారి చేను దగ్గర ఆగడం ఆ ప్రాంతపు ఆచారం. కాలేబు వద్దన్నాడు. ఆపమన్నది చంద్రప్పే.” అంతే ఉంది. ఆ తర్వాత కింద మీ అవ్వ మాటలు. గ్రేసమ్మ వార్తలు చదివినట్టు చదివింది. నాకు ఏమీ కాలేదు. ఇంతేనా అనిపించింది. ఇంతకాలం నేను ఎదురుచూసింది ఈ మూడు ముక్కల కోసమేనా అనిపించింది.

“మల్ల సదువు” అన్నాను. అది మళ్ళీ చదివింది. “ఇంకోపాలి” అన్నాను.

మూడోసారి “కాలేబు వద్దన్నాడు” అన్నచోట గ్రేసమ్మ ఆగింది. పుస్తకం కిందికి దించి, “నాయన వద్దన్నడంట అమ్మా” అన్నది, నేనెన్నడూ వినని సంగతి నాకు కొత్తగా చెబుతున్నట్టు. అప్పుడు ఏడ్చాను నీలా. పక్కింటి రిబ్కమ్మ పొయ్యి మీద గిన్నె వదిలేసి ఉరికొచ్చింది, ఎవరు పోయారని అడిగింది. కాలేబు పోయాడని చెప్పాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, పక్కన కూర్చుని తానూ ఏడ్చింది.

మీ అవ్వ ప్రతి మధ్యాహ్నం నీతో ఎందుకు చదివించుకునేదో ఇప్పుడు తెలిసింది. ఇకమీదట అడిగితే విసుక్కోకుండా చదివి వినిపించు. నీకు కూడా వస్తుంది, తొందరపడకు.

సారు ఇంకోసారి అచ్చు వేస్తే, స్వెట్టరు ఆకుపచ్చదని రాయమను. ఆ మాట ఆయనకు రెండుసార్లు చెప్పాను, అయినా మర్చిపోయాడు.

సంతోష